పాత మంగలికత్తి: ఎంపిక, సంరక్షణ

తాతగారి పెట్టె తెరచినప్పుడు అడుగున ఒక మడతకత్తి కనబడుట పెక్కు ఇండ్లలో జరుగు సంగతియే. నల్లని కొమ్ముపిడి, అలుగుపై తుప్పుచుక్కలు, పిడి దగ్గర ఏదో సీమ ఊరిపేరు. పారవేయవలెనా, పనికి వచ్చునా అని ఇంటివారు సందేహింతురు. పాతసామానుల అంగళ్లలో ఇట్టి కత్తులను వెదకి కొనువారును నేడు కలరు. ఈ ఉభయులకును మేము చెప్పదలచిన మాట ఒక్కటే: మెరుపును చూచి మోసపోరాదు, వెన్నును వాదరను చూడవలెను.

ఇది మేము నష్టపడి నేర్చుకొన్న మాట. కొన్నేండ్ల క్రిందట అద్దమువలె మెరయుచున్న కత్తిని మంచి వెల యిచ్చి కొంటిమి. ఎంత నూరినను దాని పదును రెండు క్షౌరములకైనను నిలువలేదు. విచారింపగా, అమ్మినవాడు తుప్పు పోగొట్టుటకై దానిని యంత్రపుచక్రముపై అదిమిపట్టి మెరుగుపెట్టెనని తెలిసినది. ఈ కత్తుల ఉక్కు సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దాటినచో మెత్తబడ నారంభించును. వాదర మిక్కిలి పలుచన గనుక క్షణములో అంత వేడెక్కును. వేడెక్కినచోట ఒక్కొక్కప్పుడు గడ్డిరంగో నీలిచాయయో మిగులును గాని, మరల మెరుగుపెట్టినచో అదియు మాసిపోవును. అప్పుడు కన్ను కనిపెట్టలేదు.

ఇక ముద్రల సంగతి. పాతకత్తులలో అనేకము ఇంగ్లండులోని షెఫీల్డునందును, జర్మనీలోని జోలింగెన్‌నందును తయారైనవి. 1740 తరువాతి దశాబ్దమున బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కును కరగించు పద్ధతిని షెఫీల్డు ప్రాంతమున నెలకొల్పెను. ఆ ఉక్కు అంతటను ఒకే తీరుగ నుండుటచేత సన్నని వాదరకు అనువైనది. అమెరికాలో 1890లో చేసిన సుంకపు చట్టమునుబట్టి 1891 నుండి దిగుమతి వస్తువులపై తయారైన దేశము పేరు ఉండవలసివచ్చెను. కావున దేశము పేరు గల కత్తి చాలవరకు ఆ తరువాతిది. పేరు లేనంతమాత్రమున అంతకు పూర్వపుదని నిశ్చయింపరాదు. అమెరికాకు పోని సరుకునకు ఆ నియమము లేదు. ముద్ర వయస్సును కొంత సూచించును గాని ఉక్కు స్థితిని చెప్పదు.

స్థితి తెలియుటకు మూడు పరీక్షలు కలవు. మొదట, అలుగును వెలుతురునకు త్రిప్పి వాదర పొడవునను చూడవలెను. వెండ్రుకవంటి బీట కనబడినను ఆ కత్తిని వదలివేయవలెను. బీట పెరుగును, ముఖముపై నుండగా విరుగవచ్చును. అలుగు నడుమనున్న నల్లమచ్చలవలన భయము లేదు. వాదరను చేరిన తుప్పుగుంటలే పదును నిలువనీయవు.

తరువాత వెన్ను. కత్తిని సానరాతిపై బల్లపరుపుగ ఆనించి నూరునప్పుడు వెన్నును వాదరయు రెండును రాతికి తగులును. నూరుటకు కావలసిన కోణము వెన్ను మందమువలననే తనంత ఏర్పడును. వెన్ను ఒకచోట ఎక్కువగను, ఒకచోట తక్కువగను అరిగియున్నచో ఆ కోణము చెడినదన్నమాట. వాదర నడుమ లోనికి వంగిన కత్తిని కూడ కొనకుండుటయే మేలు.

కడపట పిడి. పాత సెల్యులాయిడ్ పిడి చివుకునప్పుడు ఆమ్లపు ఆవిరులను వెలువరించి అలుగును తుప్పు పట్టించును. కొమ్ముపిడిని పురుగు తినును. దంతపుపిడి ఎంత అందమైనదైనను కొనరాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును దంతవ్యాపారమును నిషేధించినవి.

మంచి కత్తి దొరకిన పిదప దానిని కాపాడుట కష్టము కాదు. తుప్పును యంత్రముతో గాక, నూనెయు మిక్కిలి నునుపైన గరుకుకాగితమును తీసికొని చేతితో నెమ్మదిగ తీయవలెను. మొదటిసారి నూరుట పని తెలిసినవారికి అప్పగింపవలెను. అటుపై ప్రతి క్షౌరమునకు ముందు తోలుపట్టీపై ఇరువది ముప్పది మార్లు, వెన్ను ముందును వాదర వెనుకను ఉండునట్లు లాగినచో చాలును. త్రిప్పునప్పుడు వెన్నుమీదనే త్రిప్పవలెను. లేనిచో పట్టీ తెగును, వాదర మొద్దుబారును.

క్షౌరము కాగానే అలుగును తుడిచి, బాగుగ ఆరిన తరువాతనే మడువవలెను. తడికత్తిని మడచినచో పిడిలో చిక్కిన నీరు రాత్రికి రాత్రియే తుప్పునకు కారణమగును. సముద్రతీరపు ఊళ్లలో ఈ జాగ్రత్త ఇనుమడింపవలెను. కొన్నాళ్లు వాడనిచో కుట్టుమిషను నూనె ఒక చుక్క పూసి, స్నానపుగదికి దూరముగ ఉంచవలెను. వంటనూనెలు కొంతకాలమునకు జిగురెక్కును. ఒకరి కత్తిని మరియొకరు వాడరాదు. హెపటైటిస్ బి వంటి వ్యాధులు రక్తముద్వారా సోకును.

కావున తాతగారి కత్తి దొరకినవారు దానిని మెరుగుపెట్టించుటకు తొందరపడవలదు. తుప్పును నేడు కాకున్న రేపు తీయవచ్చును. వేడికి పోయిన గట్టిదనమును మాత్రము ఇంట ఎవ్వరును తిరిగి తేలేరు.