లోతు తక్కువ తీరం, చదును అడుగు నావ: తెలుగు నౌకాపదాల పరిశీలన

వ్యాస సంగ్రహం: ఆంధ్ర తీరంలో తెరచాప నావల నిర్మాణాన్ని నిర్ణయించిన ప్రధానాంశం తీరజలాల లోతు. దోనె, మసూలా పడవ, తెప్ప అనే మూడింటి నిర్మాణాన్ని వివరించి, ఆ జ్ఞానం పదాలలో ఎలా నిలిచిందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దోనె, తెప్ప, తెరచాప, కోరంగి, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

శ్రీనాథుని హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి వర్తకాన్ని వర్ణించేచోట కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లు వస్తాయి. పటాన్‌చెరు సమీపాన చిట్కుల్ వంటి సముద్రమెరుగని చోట ఆ పద్యం బోధించేటప్పుడు, వాటికి ‘ఒక విధమైన ఓడ’ అనే అర్థం చెప్పి ముందుకు సాగుతాం. నావ రూపం తెలియక పదం సగమే బోధపడుతుంది.

తెలుగువారి నౌకాయానానికి ఆధారాలు ప్రాచీనమైనవి. సాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారనీ, తాను నియమిత సుంకం మాత్రమే తీసుకుంటాననీ కాకతీయ గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి అభయశాసనంలో ప్రకటించాడు. ఈ తీరం నావికులకు ఎంత ప్రమాదకరమో ఆ శాసనమే సాక్ష్యం.

2. తీరం, నావ

గోదావరి, కృష్ణా నదుల ఒండ్రు వల్ల వాటి ముఖద్వారాల వద్ద ఇసుకమేటలు ఏర్పడి, చోటు మారుతుంటాయి. పెద్ద ఓడ దూరాన లంగరు వేసి ఆగవలసిందే. కాకినాడ యాంకరేజ్ రేవులో నేటికీ సరుకు బార్జీల మీదనే ఓడలకు చేరుతుంది.

ఈ పరిస్థితికి కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల వడ్రంగులు చెప్పిన సమాధానం దోనె. కోరమండల్ తీరపు దోనెను జాన్ ఎడై 1834లో ప్రచురించిన వ్యాసంలో వర్ణించాడు. దాని పొడవు సుమారు 70 అడుగులు, వెడల్పు 20 అడుగులు, అడుగుభాగం చదునైనది. ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 4 అడుగులు, నిండినప్పుడు 9 అడుగులు నీటిలో మునుగుతుంది. చదును అడుగు గల నావ ఆటుకు ఇసుకపై నిలిచినా ఒరగదు. ‘దోనె’కు తొట్టి అనే అర్థం కూడా ఉండటం గమనార్హం.

మసూలా పడవలో ఇనుప మేకులు లేవు. పలకలను కొబ్బరి పీచు తాటితో కుట్టేవారు. కెరటం తాకినప్పుడు పలకలు కొద్దిగా వంగి, దెబ్బను ఓర్చుకొనేవి. తెప్ప మరీ సరళం: దుంగలను కలిపి కట్టినదే. నీరు పైకి వచ్చినా పక్కలకు జారిపోతుంది. దీని తమిళ నామం ‘కట్టుమరం’ నుండే ఆంగ్లంలో ‘కాటమరాన్’ వచ్చింది. డాంపియర్ 1697 నాటి యాత్రాగ్రంథంలో ఆ మాట ఉంది. నేటి వేగవంతమైన జంటపడవ యాట్ల పేరు మన తీరానిది, రూపం మాత్రం పసిఫిక్ ద్వీపవాసులది.

3. గాలి, వేగం

అడుగు చదునైతే మరొక చిక్కు: గాలి పక్కనుండి వీచినప్పుడు నావ పక్కకు జారిపోతుంది. ఆధునిక యాట్లలో పైకెత్తగల పలకను నీటిలోకి దింపి ఈ జారుడును ఆపుతారు. మేట రాగానే ఎత్తేస్తారు. దోనె నావికులు రుతుపవనాల మీద ఆధారపడ్డారు. నైరుతి గాలికి ఉత్తరంగా, ఈశాన్య గాలికి దక్షిణంగా సాగారు. వారి వేగం గాలివాటాన్ని ఎరగడంలో ఉంది.

‘తెరచాప’లోని ‘చాప’ అల్లిక తెరల కాలాన్ని సూచిస్తున్నట్లుంది. ‘లంగరు’, ‘సరంగు’ పారసీకం నుండి వచ్చాయి. బర్మాలో తెలుగువారిని ‘కొరంగీలు’ అన్నారు. రేవు పేరే జాతి పేరైంది.

4. ముగింపు

1839 తుఫాను కోరంగిని ధ్వంసం చేసింది. దోనె రూపాన్ని తీర్చిన ఒండ్రే క్రమంగా రేవును పూడ్చింది. మరబోట్లు, ఫైబర్ పడవలు వచ్చాక తెరచాప అరుదైంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశాన్ని వెలువరించినప్పుడు పదాలను రైతుల నోటినుండే సేకరించారు. నావ కట్టిన చేతులు ఉండగానే ఆ పద్ధతిలో తాళ్ళరేవు వడ్రంగుల మాటలను, బొమ్మలు కొలతలతో సహా, నమోదు చేయాలి. అప్పుడే నిఘంటువుల్లో ‘ఒక విధమైన ఓడ’ అనే అర్థం స్థానంలో అసలు ఓడ కనిపిస్తుంది.