పాత పోర్షే కొంటున్నారా? బెల్టుతో పాటు లోపలి చైన్ కూడా చూడండి

పోర్షే 944 ఎస్2 (1989–91 మోడళ్లు), 968 (1992–95 మోడళ్లు) కార్లకు ముప్పై ఏళ్లు దాటాయి. అయినా అమెరికాలో, యూరప్‌లో ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌గా చేతులు మారుతూనే ఉన్నాయి. అమ్మేవాళ్లు సాధారణంగా "టైమింగ్ బెల్ట్ కొత్తది" అని బిల్లు చూపిస్తారు. మంచిదే. కానీ ఈ ఇంజన్‌లో బెల్టుతో పాటు ఒక చిన్న చైన్ కూడా ఉంది. దాని గురించి చాలామంది అడగనే అడగరు.

అసలు ఆ చైన్ పనేంటి?

ఈ 3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు కామ్‌షాఫ్టులు ఉంటాయి. ఒకటి గాలి లోపలికి వచ్చే వాల్వులను, రెండోది పొగ బయటికి పోయే వాల్వులను తెరుస్తుంది. బెల్టు తిప్పేది రెండోదాన్ని మాత్రమే. అక్కడి నుంచి మొదటిదానికి కదలిక అందించేది ఈ చైనే. ఇంజన్ నిమిషానికి 6000 సార్లు తిరిగితే కామ్‌షాఫ్ట్ 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది?

చైన్ వదులు కాకుండా ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే టెన్షనర్ ఉంటుంది. చైన్ రాసుకునే చోట దానికి ప్లాస్టిక్ ప్యాడ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి రంగు మారి, పెళుసెక్కి, విరుగుతాయి. ఇక చైన్ వదులవుతుంది. వదులైన సైకిల్ చైన్ పళ్లను ఎలా తినేస్తుందో తెలుసు కదా, ఇక్కడా అంతే. అయితే ఈ పళ్లు విడిగా బిగించినవి కావు, కామ్‌షాఫ్ట్‌లోనే భాగం. పళ్లు పోతే షాఫ్టే మార్చాలి. నడుస్తుండగా విరిగితే టైమింగ్ తప్పి, తెరిచి ఉన్న వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చిన్న ప్యాడ్ల ఖర్చుతో పోయేది ఇంజన్ పైభాగం మొత్తం విప్పే ఖర్చవుతుంది. పాత కారులో ఆ బిల్లు కొన్న ధరతో పోటీపడినా ఆశ్చర్యం లేదు.

కొనేముందు ఏం చేయాలి?

బెల్టు బిల్లుతో సరిపెట్టుకోకండి. చైన్, టెన్షనర్ ప్యాడ్లు ఎప్పుడు మార్చారో అడగండి. రికార్డు లేకపోతే, కామ్ కవర్ విప్పించి పళ్లను, ప్యాడ్లను మెకానిక్‌తో చూపించండి. పళ్లు కొక్కెంలా వంగినా, అంచులు రాలినా డబ్బు కట్టకుండా ఆగడమే మంచిది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే పైనుంచి గలగల శబ్దం వస్తే అనుమానించాలి. అయితే శబ్దం లేనంత మాత్రాన అంతా బాగుందని కాదు, కాబట్టి కవర్ విప్పి చూడాల్సిందే.

మన దగ్గరి కార్లకూ ఇందులో ఒక పాఠం ఉంది. మారుతి కె-సిరీస్ పెట్రోల్ ఇంజన్లలోనూ టైమింగ్ చైనే ఉంటుంది. బెల్టులాగా లెక్క ప్రకారం మార్చాల్సిన పని ఉండదు కాబట్టి దాన్ని మరిచిపోతాం. కానీ చైన్ బతికేది ఇంజన్ ఆయిల్‌లోనే. ఆయిల్ మార్పు వాయిదా వేసి మిగుల్చుకున్న వందలు, తర్వాత వేలల్లో కట్టాల్సి రావచ్చు.