లెక్కలకు దడిసి ఎకనామిక్స్‌లో చేరితే...

"లెక్కలంటే భయమా? సీఈసీ తీసుకో, తర్వాత హాయిగా ఎంఏ ఎకనామిక్స్ చేసుకోవచ్చు." పదో తరగతి ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి ఇంటింటా ఇదే సలహా. ఇచ్చిన పెద్దమనిషి మర్చిపోతాడు. విన్న పిల్ల డిగ్రీ అయ్యాక ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ) వారి ఎకనామిక్స్ పీజీ కోర్సు ఎంఎస్‌క్యూఈ ప్రవేశపరీక్ష పాత పేపర్లు తిరగేస్తే, అందులో ఒక పేపరు లెక్కలదే!

అపోహ: ఎకనామిక్స్‌కు లెక్కలు అక్కర్లేదు.

వాస్తవం: రెండు గీతలు గీసి "ధర పెరిగిన డిమాండు తగ్గును" అని రాస్తే డిగ్రీ గట్టెక్కుతుంది. పైచదువులో అలా కుదరదు. తృప్తి రెండు వస్తువుల పరిమాణాల లబ్ధం అనుకోండి. చేతిలో 100 రూపాయలు, ధరలు 2, 5. మొదటిది 25, రెండోది 10 కొంటే గరిష్ఠ తృప్తి 250. లగ్రాంజ్ పద్ధతిలో లామ్డా అనే గుణకం 5 వస్తుంది. బట్టీ రాయుళ్లు ఇక్కడితో పెన్ను మూసేస్తారు. ఇంకో రూపాయి దొరికితే తృప్తి సుమారు 5 పెరుగుతుందని ఆ లామ్డాకు అర్థం. అసలు ఎకనామిక్స్ అది!

ఇప్పుడు మొదటి వస్తువు ఉచితమని ప్రకటించండి (మన నాయకులకు అలవాటే). ఎంత తీసుకున్నా ఇంకా తీసుకోవచ్చు కనుక గరిష్ఠమన్నదే ఉండదు. గరిష్ఠం ఎప్పుడుంటుందో, ఎప్పుడుండదో తేల్చేది రియల్ అనాలిసిస్.

బీటెక్‌లో చదివిన లెక్కలు చాలంటారా? సమాకలనంలో ఎన్ని కిటుకులు తెలిసినా నిరూపణ రాయడం రాదు. ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ లెక్కలు వాడలేదంటారా? 1865లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానం ఆయనదే. లెక్కల్ని పుస్తకం చివర అనుబంధంలో పెట్టాడంతే. తెలుగు మీడియం వాళ్లకు రాదంటారా? మాత్రికలకు మీడియం లేదు.

లెక్కలు రాకుండానే ఎంఏ పాసైనవాళ్లున్నారన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు. ఏటా అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తే ఎందుకు పాసవరు? కానీ ఆ పట్టాతో పీహెచ్‌డీలో చేరి మాస్-కోలెల్ మైక్రో ఎకనామిక్స్ పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయంలోనే చుక్కలు కనిపిస్తాయి.

కాబట్టి డిగ్రీలో ఉండగానే మొదలుపెట్టండి. ఎకనామిక్స్‌కు కావలసిన లెక్కలకు ముందు చియాంగ్ పుస్తకం, తర్వాత సైమన్-బ్లూమ్‌లది, పక్కనే అనాలిసిస్‌కు బార్టిల్‌ది. ఎంఏలో చేరాక చూద్దామనుకుంటే, మీరు అవకలనం దిద్దుకునేలోపు క్లాసు కాకుటానీ స్థిరబిందు సిద్ధాంతం దాకా వెళ్లిపోతుంది. రోజుకో నిరూపణ చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయండి. ఏ వరుస దగ్గర చెయ్యి ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకుని, మర్నాడు అక్కణ్ణుంచే మొదలెట్టండి.