ముక్కున పంపితే నోటిదారిన

గురక మీద ముఖచిత్ర కథనం గురువారానికల్లా కావాలన్నారు మా సంపాదకులు. డాక్టర్ల మాటలు చాలానే పోగుచేశాను. నన్ను కదలనివ్వనిది మాత్రం విజయవాడలో ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ గారి సీప్యాప్ మిషన్ నుంచి తీసిన ఒక్క పేజీ రిపోర్టు.

స్లీప్ టెస్టులో ఆయనకు గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో కనిపించింది. 30 దాటితే తీవ్రమైన స్లీప్ యాప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోకుండా ముక్కు మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపే మిషన్ రాశారు. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోయేది. "మిషనే పాడైందనుకున్నానమ్మా. తీసి బీరువాలో పెట్టేశాను" అన్నారాయన. అసలు సంగతి పట్టుకున్నది ఆయన భార్య: "అర్ధరాత్రి దాటాక నోట్లోంచి బుస్సుబుస్సుమని గాలి. చెబితే ఈయన నమ్మలా."

రిపోర్టు ఆమె మాటే నిలబెట్టింది. పన్నెండున్నర దాకా లీకు గీత అడుగునే ఉంది. ఆపైన నిమిషానికి 40 లీటర్లు దాటి, మూడింటిదాకా దిగలేదు. ఆ మిషన్‌కు హద్దు 24. మాస్కు అంచు కదిలితే గీత సాధారణంగా లేస్తూ పడుతూ ఉంటుంది. గంటల తరబడి ఎత్తునే నిలిస్తే ముందు నోటిని అనుమానించాలి. ఊపిరి ఆగిన గుర్తులూ ఆ రెండున్నర గంటల్లోనే గుంపుగా ఉన్నాయి. గాలి నోటిదారిన పోతే గొంతులో ఒత్తిడి నిలవదు మరి.

"బెజవాడ ఉక్కలో మళ్లీ తడిగాలి ఎందుకని" ఆయన మిషన్‌లోని నీళ్ల తొట్టె ఖాళీగా వదిలేశారు. పడుకునేది ఏసీ గదిలో. దుమ్ము పడదు, ముక్కు దిబ్బడ పాతదే. ముక్కున దూరిన గాలి నోట పోతుంటే, వదిలే ఊపిరిలోని తడీ వేడీ ముక్కుకు తిరిగి దక్కవు. లోపలి పొర ఎండి వాస్తుంది. వాస్తే దారి ఇరుకు. ఇరుకైతే నోరు ఇంకా తెరుచుకుంటుంది. ఇది తెలిశాక గడ్డం పట్టీల మీద నాకు నమ్మకం తగ్గింది. ఆయనా ఒకటి కొన్నారు. దవడ పైకి లేచింది గానీ పెదాల సందున గాలి పోతూనే ఉంది. ముక్కు ఆడని మనిషికి నోరు కట్టేయడం వైద్యం ఎలా అవుతుంది?

ఈఎన్‌టీ డాక్టరు ముక్కు నుంచే మొదలుపెట్టారు. అలర్జీకి స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, తొట్టెలో డిస్టిల్డ్ వాటర్, మిషన్‌కు వేడి ట్యూబు. కుదుటపడటానికి వారాలు పట్టింది. కొత్త రిపోర్టులో గీత అక్కడక్కడా లేచినా 24 పైన నిలవలేదు. జలుబు చేసిన రాత్రులకు ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు వేరే ఉంది.

సీప్యాప్ వైద్యం వయసు నలభై ఏళ్లు దాటింది. సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం ఐదుగురు రోగులకు ముక్కు ద్వారా గాలి పంపి, 1981లో 'లాన్సెట్'లో ప్రకటించింది.

పెద్ద మాస్కు అందరికీ కాదు
కొందరికి అది దవడను వెనక్కి నెట్టి, ఎక్కువ ఒత్తిడి అవసరమయ్యేలా చేస్తుంది. మార్చాక మళ్లీ రిపోర్టు తీయించాలి.

ముక్కు కడిగే నీళ్లు
కాచి చల్లార్చినవో, డిస్టిల్డ్ వాటరో వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా వద్దు.

మూతికి టేపు
రీల్స్‌లో చూసి అతికించుకుంటున్నవాళ్లు ఎక్కువవుతున్నారు. ముక్కు దిబ్బడ ఉన్నా, వాంతి వచ్చేలా ఉన్నా, మద్యం తాగినా, నిద్రమాత్ర వేసుకున్నా అది ప్రమాదం. డాక్టరు ముక్కు చూడకముందు టేపు జోలికి వెళ్లొద్దు.