పుట్టిననాటి తూకం, పదిహేనేళ్ళనాటి మెదడు

కాన్పు వార్త అందగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్నలలో "బిడ్డ బరువెంత?" అన్నది ఒకటి. వైద్యశాస్త్రంలోనూ ఆ ప్రశ్నకు ఎంతో ప్రాముఖ్యమున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 2500 గ్రాములలోపు ఉంటే తక్కువ బరువు, 1500 గ్రాములలోపు ఉంటే అతి తక్కువ బరువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భారతదేశంలో తూకం నమోదైన నవజాత శిశువులలో సుమారు 18 శాతం 2.5 కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టినవారే.

ఇందుకు ప్రధాన కారణాలు రెండు: నెలలు నిండకుండానే కాన్పు కావడం, గర్భంలో ఎదుగుదల మందగించడం. గర్భస్థ శిశువు మెదడు శరవేగంతో పెరిగేది చివరి మూడు నెలలలోనే. అంతవరకు నునుపుగా ఉన్న దాని ఉపరితలం ముడతలు దేరుతుంది. నాడీతంతువులకు మైలిన్ అనే తొడుగును అల్లవలసిన కణాలు అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటూ ఉంటాయి. ఆ దశలో అవి అతి సుకుమారమైనవి. ప్రాణవాయువు కొరతకు, ఇన్ఫెక్షన్లకు తట్టుకోలేవు.

ఆనాటి లోటు కౌమారంలోనూ కనిపిస్తుందా? నార్వేలోని ట్రోండ్‌హైమ్ పరిశోధకులు, 1986-88 మధ్య అతి తక్కువ బరువుతో పుట్టినవారిని 15 ఏళ్ళ ప్రాయంలో ఎం.ఆర్.ఐ. ద్వారా పరీక్షించి, 2005లో ఫలితాలు వెల్లడించారు. నడినెత్తి కింద, కణతల వద్ద ఉండే మెదడు పైపొర కొన్నిచోట్ల తోటివారికంటే పలుచగా ఉన్నట్లు తేలింది. ఇటువంటి పిల్లలలో ఏకాగ్రత, గణితం, పని చేసే వేగం సగటున కొంత వెనుకబడి ఉంటాయని పలు దేశాల అధ్యయనాలు సూచిస్తున్నాయి.

చిన్న తరగతులలో ఉపాధ్యాయులు చేయిపట్టి నడిపిస్తారు గనుక ఈ లోటు బయటపడకపోవచ్చు. హైస్కూలులో అనేక పాఠ్యాంశాలను ఒక ప్రణాళికతో తానే నిర్వహించుకోవలసి వచ్చినప్పుడు అది వ్యక్తమవుతుంది. పుట్టుకనాటి సంగతి అప్పటికి అందరూ మరచిపోయి ఉంటారు. "తెలివి ఉన్నది, బద్ధకమే అడ్డు" అన్న నింద బిడ్డపై పడుతుంది.

అయితే ఇవన్నీ సగటు లెక్కలే గాని జాతకాలు కావు. నెలలు నిండి రెండు కిలోలకు పైబడి పుట్టిన బిడ్డను, కిలో బరువుతో పుట్టిన బిడ్డతో సమానంగా చూడరాదు. పైగా మెదడు ఇరవై ఏళ్ళు దాటినా పరిణతి చెందుతూనే ఉంటుంది. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో, శిశువును తల్లి రొమ్ముకు హత్తుకొని ఉంచే 'కంగారూ' సంరక్షణ ఆరంభమైంది. 1990వ దశకంలో ఆ విధంగా సాకిన శిశువులను ఇరవై ఏళ్ళ తరువాత పరిశీలించగా, వారిలో చంచలత్వం, దుడుకుతనం తక్కువగా ఉన్నాయని 2017లో ప్రకటించారు.

కనుక తల్లిదండ్రులు పుట్టిననాటి బరువు, నెలల వివరాలను భద్రపరచి, బిడ్డ వెనుకబడుతున్నట్లు తోచినప్పుడు వైద్యునికి, పాఠశాలకు తెలియజేయడం మేలు. అదనపు సమయం, విడమరచిన బోధన వంటి సహాయం అడగడం నామోషీ కాదు. పరుగులో ఆలస్యంగా బయలుదేరిన బిడ్డకు కావలసింది పక్కింటి పిల్లలతో పోలిక కాదు, కాస్త వ్యవధి.