పలికే ఆటబొమ్మలో దాగిన విద్య

పిలిస్తే పలికేదే నిజమైన ఆటబొమ్మ. గిలక్కాయను ఊపితే మోగుతుంది, ఆపితే ఊరుకుంటుంది. "నేనొక పని చేస్తే లోకం బదులు పలుకుతుంది" అనే తొలి పాఠాన్ని శిశువు దాని దగ్గరే నేర్చుకుంటుంది. కొండపల్లి శిల్పి తెల్ల పొణికి కర్రతోను, ఏటికొప్పాక శిల్పి అంకుడు కర్రతోను ఇంతకాలం పిల్లల మనస్సును రంజింపజేశారు. ఈనాటి బొమ్మ కడుపులో వేలిగోరంత సిలికాన్ ముక్క వచ్చి చేరింది. నొక్కితే పాడుతుంది, వంచితే నవ్వుతుంది, ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఈ ఇంద్రజాలం వెనుక ఉన్న విద్య ఎట్టిదో విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

ఈ విద్య మనకు దూరాన లేదు. ఒకనాడు రాళ్ల గుట్టల నడుమ పల్లెగా ఉన్న మాదాపూర్‌లో 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాటి నుండి ఆ పరిసరాలు సాఫ్ట్‌వేరుకే గాక చిప్పుల రూపకల్పనకు కూడా నెలవైనవి. ఆ పక్కనే రాయదుర్గంలో 2023 మార్చి 2న 'టీ-వర్క్స్' ప్రారంభమైంది. మనసులోని ఊహను చేతితో పట్టుకోదగిన నమూనాగా మలచుకునేందుకు వెలసిన కర్మాగారమది. సర్క్యూట్ బోర్డు, ప్లాస్టిక్ అచ్చు, చెక్కపని ఇవన్నీ అక్కడ ఒకే కప్పు క్రింద సాధ్యం. కాబట్టి బొమ్మకు ప్రాణం పోయడమెట్లా అన్నది మన పిల్లలు కూడా అడగదగిన ప్రశ్నే.

పలికే బొమ్మకు నాలుగు అంగాలుంటాయి. మొదటివి ఇంద్రియాలు: మీట, వంపును గుర్తించే చిన్న గోళీ స్విచ్చి, వెలుగును పసిగట్టే సెన్సరు, మైక్రోఫోను. రెండవది మెదడు, అనగా మైక్రోకంట్రోలర్ అనే చిప్పు. మూడవది గొంతు: ధ్వనులను దాచే మెమొరీ, వినిపించే స్పీకరు. నాలుగవది ఆహారం: బ్యాటరీ.

మీట నొక్కడం మనకు ఒక్క చర్యే. చిప్పుకు మాత్రం అట్లా తోచదు. లోపలి లోహపు రేకులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి. ఒక్క నొక్కు పది నొక్కులుగా లెక్కకు వస్తుంది. అందుచేత సుమారు 20 మిల్లీసెకన్లు ఆగి, స్థిరపడిన పిదపనే నమ్మవలెనని ప్రోగ్రాములో వ్రాస్తారు. అట్లని మరీ ఆలస్యం కూడదు. సెకనులో పదవ వంతు దాటితే తాను నొక్కినందుకే బొమ్మ పలికిందన్న భావం పిల్లవానిలో సడలుతుంది.

ఆహారం విషయంలో పొదుపే ప్రధానం. ఒక పెన్సిల్ సెల్లులో రమారమి 2,000 మిల్లీ ఆంపియర్-గంటల శక్తి ఉందనుకుందాం. బొమ్మ నిద్రపోతున్నప్పుడు కూడా ఒక మిల్లీ ఆంపియర్ తాగుతుంటే, ఎవరూ ఆడకపోయినా 83 రోజులకు సెల్లు అయిపోతుంది. ఆ నిద్రను అందులో నూరవ వంతుకు తగ్గిస్తే, ఇరవై ఏండ్లకు పైగా చాలునని లెక్క చెబుతుంది. అంతకు ముందే సెల్లు తనంతట తాను క్షీణిస్తుందనేది వేరు మాట. నెలనెలా సెల్లులు కొనలేని ఇంటి బిడ్డకు ఈ లెక్కే ఆటను నిలబెడుతుంది.

పొదుపు కన్నా పెద్దది భద్రత. పసిబిడ్డకు చేతికందిన ప్రతిదీ నోటిలోకే. నాణెం వంటి లిథియం సెల్లును మింగితే, అది గొంతు దిగువన అన్నవాహికలో చిక్కుకొని రెండు గంటల లోపే కండను కాల్చివేయగలదు. అందుకే సెల్లుల గదికి మరమేకు తప్పనిసరి. మన దేశంలో 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర నిర్బంధమైంది. విద్యుత్ బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐ.ఎస్. 15644. వినే బొమ్మతో మరొక ప్రమాదం ఉన్నది. ఇంటర్నెట్టుకు ముడిపడి పిల్లల మాటలను బయటకు పంపే 'కేలా' అనే బొమ్మను 2017లో జర్మనీ నిషేధించింది. బొమ్మకు చెవి పెట్టేవాడు ఆ చెవి ఎవరి కోసమని ముందుగా ప్రశ్నించుకోవాలి.

ఇక గొంతు సంగతి. ఇక్కడ భాషోపాధ్యాయునికి కూడా పని ఉన్నది. 1978లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 'స్పీక్ అండ్ స్పెల్' అనే బొమ్మను వెలువరించింది. అది మాటలను యథాతథంగా దాచలేదు. గొంతు, నోరు ధ్వనిని మలచే తీరును అంకెలుగా మార్చి, ఒకే చిప్పుతో తిరిగి పలికించింది. అమెరికా పిల్లలకు ఇంగ్లీషు అక్షరక్రమం నేర్పడానికి పుట్టిన బొమ్మ అది. మన ఇండ్లకు వచ్చే పలికే బొమ్మలలో పెక్కు నేటికీ ఆ భాషే మాట్లాడుతున్నవి.

వాటిచేత తెలుగు పలికించడానికి మాటలను అనువదిస్తే సరిపోతుందా? సరిపోదు. మెమొరీ ఆదా చేయడానికి సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే తీసుకుంటే, 4,000 హెర్ట్జులకు పైబడిన ధ్వని అంతా పోతుంది. 'స'కారపు పదును చాలావరకు అక్కడే ఉంటుంది. ఫోనులో 'స' ఒక్కొక్కప్పుడు 'ఫ'గా వినిపించడానికి ఇదే కారణం. తెలుగులో శ, ష, స లను, ఉర్దూలో 'సాల్' అంటే సంవత్సరమని, 'షాల్' అంటే శాలువా అని నేర్చుకునే బిడ్డకు ఆ మసక గొంతు ఏమి నేర్పగలదు?

ఇంకొకటి. చోటు కలిసి వస్తుందని మాటల నడుమ నిశ్శబ్దాన్ని కత్తిరించే పద్ధతి ఉన్నది. తెలుగులో ఆ నిశ్శబ్దానికి అర్థమున్నది. 'అటు', 'అట్టు' అని పలికి చూడండి. ద్విత్వంలో నాలుక ఆగిన ఆ క్షణకాలపు మౌనమే దిక్కును తినుబండారంగా మారుస్తున్నది! హ్రస్వదీర్ఘాల సంగతీ అంతే. వేగం పెంచితే 'కాలు' 'కలు'గా కుంచించుకుపోతుంది.

దీనికయ్యే వెల ఎంత? సెకను నిడివిగల 50 మాటలను, నమూనాకు 4 బిట్ల చొప్పున, సెకనుకు 8,000 నమూనాలతో దాచితే 200 కిలోబైట్లు కావాలి. 16,000 నమూనాలతో దాచితే 400 కిలోబైట్లు. నేటి చిప్పులకు ఇది మోయలేని బరువు కాదు. కావలసినదల్లా ఆ భేదం వినగల చెవి. ఇంగ్లీషు చెవితో పరీక్షించినవానికి 'అట్టు'లోని లోపం వినబడదు. ఆ చెవి ఈ నేల బిడ్డలకు పుట్టుకతోనే ఉన్నది. 1998లో స్థాపితమైన గచ్చిబౌలి ఐ.ఐ.ఐ.టి.లో మన భాషల వాక్కును గూర్చిన పరిశోధన సాగుతూనే ఉన్నది.

రెండు భాషలు తెలిసిన మన విద్యార్థి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక స్విచ్చి, ఒక చిప్పు, ఒక స్పీకరు ముందు కూర్చుంటే, సర్క్యూట్‌తో పాటు తన వర్ణమాలను కూడా వెంట తీసుకొని వచ్చినవాడవుతాడు. యంత్రవిద్యను, భాషావిద్యను వేరువేరు గదులలో చదువుకుంటున్నాము. పలికే బొమ్మ ఆ రెండు గదుల నడుమ తలుపు. అమ్మ నోట విన్న మాటనే బొమ్మ నోట కూడా స్పష్టంగా విన్న పసివాడు ఆ మాటను చిన్నచూపు చూడడు. అటువంటి బొమ్మను చేయడానికి మన యువకులు పూనుకోవాలి.