పసిమాడు మీద డాక్టర్ చెయ్యి

అమెరికాలో ఆస్టియోపతి, అంటే చేతివైద్యం కూడా నేర్పే వైద్యవిద్య, చదివే విద్యార్థులతో చేయించే పాత సాధన ఒకటుంది. కాగితం కింద తలవెంట్రుక పెడతారు. కళ్లు మూసుకుని, వేలికొసతో తడిమి అదెక్కడుందో చెప్పాలి. చెబితే ఇంకో కాగితం, దానిమీద మరోటి. రేపు పురిటిబిడ్డ తల పట్టుకోబోయే చేతికి ఆమాత్రం సాధన ఉండాల్సిందే.

డాక్టర్ పేరు పక్కన ఎం.డి.కి బదులు డి.ఓ. అని కనిపిస్తే కొత్తగా వెళ్లిన మనవాళ్లకి అనుమానం రావచ్చు. అక్కడ ఆస్టియోపతి చదివిన డి.ఓ. కూడా పూర్తిస్థాయి డాక్టరే. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, పిల్లల వైద్యంలో రెసిడెన్సీ చేస్తారు. చేతివైద్యం మీద సుమారు 200 గంటల శిక్షణ అదనం. యూరప్‌లో చాలాచోట్ల ఆస్టియోపాత్ అంటే డాక్టర్ కాదు. బిడ్డను చూపించేముందు అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

1864లో మెనింజైటిస్ తన ముగ్గురు పిల్లల్ని పొట్టనబెట్టుకుంటే, నాటి మందుల మీద నమ్మకం పోయిన ఆండ్రూ టేలర్ స్టిల్ వేసిన దారి ఆస్టియోపతి. 1892లో మిస్సోరిలోని కిర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టారు. పుర్రె ఎముకలు ఒక లయలో కదులుతాయని, అది చేతికి తెలుస్తుందని తర్వాత విలియం సదర్లాండ్ అన్నారు. ఆ మాటను పట్టుకుని ఆస్టియోపతి డాక్టర్ వయోలా ఫ్రైమన్ 1,250 మంది నవజాత శిశువులను పరీక్షించి 1966లో ప్రచురించారు. కాలిఫోర్నియాలో పిల్లల కేంద్రం పెట్టి, డాక్టర్లకూ నేర్పారు.

ఆ లయకు గట్టి రుజువు లేదు. పిల్లల మీద ఈ చేతివైద్యంతో జరిగిన 17 ప్రయోగాలను తిరగేసిన 2013 నాటి సమీక్ష, ఫలితం రుజువు కాలేదనే తేల్చింది. ఇటలీలో 695 మంది నెలతక్కువ పిల్లల మీద చేసిన ప్రయోగంలో మాత్రం ఆస్పత్రిలో ఉండాల్సిన కాలం నాలుగు రోజుల దాకా తగ్గింది. బరువులో తేడా రాలేదు. సిద్ధాంతాన్ని పక్కనపెట్టినా పర్వాలేదు. ఆ చేతిని మాత్రం పిల్లల డాక్టర్లందరికీ నేర్పాలంటాను.

ఎందుకంటారా? బిడ్డ ఒకపక్క పాలు తాగుతుంది, రెండోపక్క పెడితే గుక్కపట్టి ఏడుస్తుంది. పాలు చాలట్లేదని ఇంట్లో తల్లినే అంటారు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, తల కింద అరచెయ్యి చేర్చి నెమ్మదిగా తిప్పి చూస్తే, మెడ ఒకవైపే తిరుగుతోందని తేలవచ్చు. కండరం బిగిసిందన్నమాట. సకాలంలో వ్యాయామం మొదలుపెడితే చాలామందికి సర్దుకుంటుంది. మన ఇళ్లలో కాళ్లమీద వేసుకుని నీళ్లుపోసే అమ్మమ్మకి ఇది డాక్టర్ కంటే ముందే తెలుస్తుంది. ఆవిణ్ని అడిగే డాక్టర్లే తక్కువ! తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కులో నూనెచుక్కలు వేయడం మాత్రం మానిపించాలి.

మెడ చూశాక డాక్టర్ వేళ్లు మాడు దగ్గర్నుంచి పుర్రె ఎముకల అతుకుల వెంట సాగుతాయి. కాన్పులో ఎముక మీదికి ఎముక ఎక్కినా మామూలుగా కొద్దిరోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. అరుదుగా ఓ అతుకు ముందే మూసుకుపోయి, వేలికి గట్టులా తగులుతుంది. దాన్ని ఏ చేతివైద్యమూ విడదీయలేదు. ఆ బిడ్డను ఆలస్యం చేయకుండా న్యూరోసర్జన్ దగ్గరికి పంపాలి.